ముఖం లేని శత్రువు

ఆటల మీద విమర్శ వ్యాసమా అని కొందరు మిత్రులు నొసలు ముడవవచ్చు. కథ, కవిత, నవల, నాటకం విమర్శకు తగిన వస్తువులు. కుర్రవాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని కంప్యూటరు ముందు ఆడే ఆటలో విమర్శించటానికేమున్నదని వారి అభిప్రాయం. దీనికి సమాధానం కోసం దూరం పోనక్కర లేదు. వినుకొండ వల్లభరాయని పేర మనకు దక్కిన క్రీడాభిరామంలో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లులో ఒక పగలంతా తిరుగుతారు. వాళ్ళ కంటబడినవి శాస్త్రచర్చలు కావు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోరు, జనం మూగి వింటున్న పల్నాటి వీరుల కథ. ఆ కృతి శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్నారు. ఆ తగువు మనకిప్పుడు అవసరం లేదు. జనం దేని చుట్టూ గుమిగూడతారో అది కావ్యానికి తగిన వస్తువేనని పదిహేనో శతాబ్దంలో ఒక కవి నమ్మాడు. ఆయనకు లేని అభ్యంతరం మనకెందుకు?

ఇవాళ జనం గుమిగూడే చోటు మారింది. కోడిపుంజుల బదులు అంతరిక్ష నౌకలు వచ్చాయి. అటువంటి ఆటలలో విమర్శకుడు తీరిగ్గా కూర్చుని పరిశీలించదగినది ‘ఈవ్ ఆన్‌లైన్’. ఐస్లాండు దేశపు సి.సి.పి. కంపెనీ దీన్ని 2003 మే 6న విడుదల చేసింది. దక్షిణ కొరియాకు చెందిన పెర్ల్ అబిస్ అనే కంపెనీ 2018లో ఆ సి.సి.పి.ని కొన్నది. చైనాలో విడిగా నడిచేదాన్ని మినహాయిస్తే, ప్రపంచం నలుమూలల నుంచి ఆడేవారందరూ ఇందులో ఒకే జగత్తులో ఉంటారు. ఏడువేలకు మించిన నక్షత్ర మండలాలు ఉన్నాయి. రాతిగ్రహాలను తవ్వి ఖనిజం తీసేవాడు, దాన్ని మోసేవాడు, నౌక కట్టేవాడు, బజారులో ధర పెంచేవాడు, దారికాచి దోచేవాడు, అందరూ ఆటగాళ్ళే. నిజమైన డబ్బు పెట్టి ఆటలోని డబ్బు సంపాదించుకునే మార్గం కూడా కంపెనీ ఏర్పాటు చేసింది. పెట్టుబడిదారీ వ్యవస్థను ఇంత నిజాయితీగా, ఏ ముసుగూ లేకుండా చూపించిన నవల నేటి తెలుగులో ఉన్నదా అని నాకు సందేహం.

ఆ జగత్తు వెనక ఒక కథ ఉన్నది. ఎప్పుడో మనుషులు భూమి ఉన్న పాలపుంత నుంచి ఒక బిలం గుండా ఆ దూరదేశానికి వలస పోయారు. బిలం మూసుకుపోయింది. వలస స్థావరాలు చాలావరకు నశించాయి. వేల సంవత్సరాల తర్వాత, బతికి బట్టకట్టినవారి సంతతిలో నుంచి నాలుగు రాజ్యాలు పుట్టుకొచ్చాయి. వాటిలో అమార్ అనేది దైవం పేరు చెప్పి పరిపాలించే సామ్రాజ్యం. అది మిన్మాటార్ అనే జాతిని జయించి శతాబ్దాల పాటు బానిసలను చేసుకున్నది. మిన్మాటార్లలో ఒక భాగం తిరగబడి విముక్తి పొందారు. మరొక భాగం ఇంకా సంకెళ్ళలోనే ఉన్నారు. కాల్డారీ రాజ్యంలో ప్రభుత్వం పేరుకే ఉన్నది, అధికారమంతా పెద్ద పెద్ద కంపెనీలదే. గాలెంటే తనను ప్రజాస్వామ్యమని చెప్పుకుంటుంది. పాఠకులు గమనించే ఉంటారు: ఈ పునాదిలో బానిసత్వం ఉన్నది, మతం ఉన్నది, గుత్తాధిపత్యం ఉన్నది. అంటే ఈ కథ తనలోని ఘర్షణలతోనే నడవగలదు. దానికి బయటినుంచి శత్రువును అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

అయినా తెచ్చుకున్నది. ఎందుకు తెచ్చుకున్నదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించవలసిన విషయం.

ముందుగా, ఆటగాళ్ళు తమలో తాము చేసుకునే యుద్ధాలను చూడాలి. 2014 జనవరి 27న బి-ఆర్5ఆర్‌బి అనే మండలంలో మొదలైన పోరాటం సుమారు 21 గంటలు సాగింది. ఏడున్నర వేల మందికి పైగా ఆటగాళ్ళు ఏదో ఒక దశలో పాల్గొన్నారు. టైటన్లనే మహానౌకలు, ఒక్కొక్కటి కట్టటానికి నెలల తరబడి శ్రమ పట్టేవి, 75 కూలిపోయాయి. నష్టాన్ని నిజమైన డబ్బులోకి మార్చి మూడు లక్షల డాలర్ల దాకా లెక్కగట్టారు. ఇంతకీ దీనికి కారణమేమిటి? ఆ మండలం మీద హక్కు నిలుపుకోవటానికి కట్టవలసిన రుసుము గడువుకు చెల్లలేదు. హక్కు జారిపోయింది. ఎదుటి పక్షం దిగింది. శిస్తు బకాయి పడితే భూమి వేలానికి పోవటం చూసిన పల్నాటి రైతుకు ఈ యుద్ధకారణం వివరించి చెప్పనక్కర లేదు.

పల్నాటి యుద్ధం కూడా ఇటువంటిదే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. రాజ్యభాగం దగ్గర తగువు వచ్చింది. తగువు కోడిపందెంలోకి దిగింది. ఓడినవారు ఏడేళ్ళు వనవాసం చేశారు. గడువు తీరి వచ్చి తమ భాగం అడిగితే దక్కలేదు. రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. చివరకు కారెంపూడిలో రక్తం పారింది. అక్కడ నేటికీ కార్తీకమాసంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆట యుద్ధంగా మారటం మన ప్రాంతానికి కొత్త విషయం కాదన్నమాట. యుద్ధం ఆటగా మారటమే కొత్త. ఈ కథలో శత్రువు నాయకురాలు నాగమ్మ. కథ చెప్పేవాళ్ళు బ్రహ్మనాయుడి పక్షం వాళ్ళు గనుక ఆమెకు అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. పురుషులేలే రాజ్యంలో మంత్రిత్వం చేసిన స్త్రీని కపటానికి ప్రతిరూపంగా నిలబెట్టారు. కాని ఎంత అన్యాయం జరిగినా ఆమెకు ముఖం ఉన్నది. ఊరున్నది, పేరున్నది, తన పక్షం వాదించే నాలుక ఉన్నది. 1947 చిత్రంలో కన్నాంబ, 1966 చిత్రంలో భానుమతి ఆ పాత్ర వేస్తే, ప్రేక్షకుడు నాగమ్మను ద్వేషిస్తూనే ఆమె మాట విన్నాడు. విన్నాడు కాబట్టే, ఆమె చేసింది నిజంగా అంత తప్పా అని అడిగే తరం తర్వాత వచ్చింది. శత్రువుకు నోరుంటే కథకుడి పక్షపాతాన్ని కాలం సవరించగలదు.

ఇప్పుడు డ్రిఫ్టర్లను చూద్దాం.

2015 ప్రారంభంలో ‘ఈవ్’ ఆకాశంలో ఎవరివో తెలియని నౌకలు కనిపించసాగాయి. వాటిలోని వారికి డ్రిఫ్టర్లని పేరు పెట్టారు. ఆ పేరు కూడా మనం పెట్టిందే. వారు తమను ఏమని పిలుచుకుంటారో ఎవరికీ తెలియదు. వారు మాట్లాడరు. ఏమీ కోరరు. ఏదీ అమ్మరు. దారిన పోయే నౌకను పరీక్షగా చూసి వెళ్ళిపోతారు. తెగించి వారి కవచాన్ని ఛేదించినవాడి నౌకను ఒక్క దెబ్బతో రూపుమాపుతారు. ఆటగాళ్ళు నెలల తరబడి వెతికి వారి అయిదు స్థావరాలకు దారులు కనిపెట్టారు. ఆ సంవత్సరం ఆగస్టు 21న డ్రిఫ్టర్లు అమార్ సామ్రాజ్ఞి జమీల్ సారుమ్ నౌక మీద పడి ఆమెను చంపారు. ఎందుకు చంపారు? కథలో అక్కడక్కడ సూచనలు దొరుకుతాయి, ఊహలు పుట్టుకొస్తాయి. ప్రకటించిన కారణం మాత్రం లేదు. యుద్ధప్రకటన లేదు, రాయబారం లేదు. పల్నాటి కథలో విషం పెట్టటానికైనా ముందు ఒక రాయబారి రావలసి వచ్చింది.

ఈ మర్మమే ఆటకు అందమని దాని అభిమానులు అంటారు. మర్మాన్ని నేను తోసిపుచ్చటం లేదు. సాహిత్యంలో మర్మానికి స్థానమున్నది. అయితే మర్మాలన్నీ ఒక్కటి కావు. పోలెండు రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో ‘సొలారిస్’ అనే నవల రాశాడు. ఒక గ్రహం నిండా సముద్రం. ఆ సముద్రమే ఒక జీవి. శాస్త్రజ్ఞులు తరతరాలుగా పరిశోధించినా అది అంతుపట్టదు. కాని లెమ్ మర్మం పరిశోధకుడి వైపు తిరుగుతుంది. సముద్రాన్ని అర్థం చేసుకోబోయి మనిషి తన అపరాధాన్ని, తన అహంకారాన్ని, తన శాస్త్రపు పరిమితిని ఎదుర్కొంటాడు. అంతకు ముందు, 1898లోనే, వెల్స్ తన అంగారకుల దండయాత్ర నవలలో మొదటి అధ్యాయంలోనే పాఠకుణ్ణి నిలదీశాడు: టాస్మేనియా ద్వీపవాసుల్ని యూరపు వలసదారులు ఎట్లా తుడిచిపెట్టారో గుర్తు చేశాడు. అంగారకులు మనకు చేసేది మనం ఇతరులకు చేసిందే అని ఆయన భావం. లెమ్ మర్మమూ, వెల్స్ భయమూ రెండూ పాఠకుణ్ణి తనవైపు చూసుకోమంటాయి. మరి డ్రిఫ్టర్ల మర్మం ఎటు చూడమంటున్నది?

దీనికి సమాధానం 2019 జూన్‌లో దొరికింది. ఆ రోజుల్లో ఆటగాళ్ళ కూటముల మధ్య పెద్ద యుద్ధం నడుస్తున్నది. ఉన్నట్టుండి డ్రిఫ్టర్లు ఆటగాళ్ళు కట్టుకున్న కోటల మీద విరుచుకుపడ్డారు. దాడికి వెళ్ళిన సేనలు యుద్ధం ఆపి, ఇల్లు కాపాడుకోవటానికి వెనక్కి మళ్ళాయి. ఆ యుద్ధం ఆటగాళ్ళు తమ కారణాలతో తెచ్చుకున్నది. దాన్ని ఆపింది రాజీ కాదు, న్యాయనిర్ణయం కాదు. పైనుంచి కంపెనీ దించిన, కారణం లేని శత్రువు. దీనికి కంపెనీకి వ్యాపార కారణాలు ఉండి ఉండవచ్చు. ఆట మందకొడిగా సాగితే చందాలు తగ్గుతాయి. కాని ఫలితం మాత్రం గమనించదగినది. ముఖం లేని శత్రువు ప్రవేశించిన చోట, ముఖమున్న తగువులు వాయిదా పడ్డాయి.

మరుసటి సంవత్సరం ఇదే విషయం మరింత పెద్ద ఎత్తున రుజువైంది. ట్రిగ్లేవియన్లనే మరొక అజ్ఞాత జాతి దండెత్తితే, దాన్ని ఎదిరించటానికి నాలుగు రాజ్యాలూ కలిసి 2020లో ఎడెన్‌కామ్ అనే ఉమ్మడి రక్షణ సంస్థగా ఏర్పడ్డాయి. అందులో అమార్ ఉన్నది. మిన్మాటార్ ఉన్నది. కొరడా పట్టినవాడూ, వీపు మీద వాతలు మానని వాడూ ఒకే జెండా కింద నిలబడ్డారు. సరిహద్దులలో వారిద్దరి పోరు పక్కన సాగుతూనే ఉన్నది, అది నిజం. కాని కథ చూపు అక్కడినుంచి మళ్ళింది. సంకెళ్ళలో మిగిలినవారి సంగతి ఏమైందన్న ప్రశ్న అప్పటికి అసందర్భమైపోయింది. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు కూలిబాకీ అడుగుతావా అని భూస్వామి గద్దించటం మనవాళ్ళు ఎరగనిది కాదు. ఆ నిప్పు ఎవరు పెట్టారో తెలియకపోవటం భూస్వామికి మరింత సదుపాయం.

ఇక్కడ ఒక తొందరపాటుకు లోనుకాకూడదు. ఇంతవరకూ చదివి, ఇదంతా సామ్రాజ్యవాదుల కుట్ర, మన పిల్లల్ని మత్తులో ముంచటానికి పన్నిన వల అని తేల్చి చేతులు దులుపుకునే విమర్శకులు మనలో లేకపోలేదు. ఇటువంటి విమర్శ రాయటం సులభం. ఏ రచన మీదనైనా రాయవచ్చు, రచన చూడకుండానే రాయవచ్చు. కాని ‘ఈవ్’ అంత సులభంగా లొంగదు. తన అజ్ఞాత శత్రువు బండారాన్ని తానే రెండు చోట్ల బయటపెట్టుకున్నది. ఆ రెండు చోట్లే నాకు ఈ ఆటలో అన్నిటికంటే విలువైనవిగా కనిపిస్తాయి.

మొదటిది స్లీపర్ల కథ. స్లీపర్లంటే నిద్రించేవారు. 2009 మార్చి 10న వచ్చిన విస్తరణతో సుమారు 2,500 కొత్త మండలాలు ఆటలోకి వచ్చాయి. వార్మ్‌హోల్ అనే బిలాల గుండా తప్ప వాటిలోకి దారి లేదు; ఆ బిలాలూ ఇవాళ ఉండి రేపు మూసుకుపోతాయి. లోపల ఒక ప్రాచీన జాతి శిథిలాలున్నాయి. ఆ జాతివారు దేహాలను విడిచి, యంత్రాలలో కల్పించుకున్న లోకంలో నిద్రలో ఉన్నారు. వారి కాపలా యంత్రాలు మాత్రం మేలుకుని ఉన్నాయి. మనం పోగానే అవి కాల్పులు జరుపుతాయి. ఆటగాడికి అవి ‘శత్రువులు’. కాని ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, పిలవని పేరంటానికి వెళ్ళింది ఎవరు? కాపలా యంత్రాన్ని పగలగొట్టి, దాని తునకలు ఏరి తెచ్చి, వాటితో కొత్తరకం నౌకలు కట్టి బజారులో అమ్ముకున్నది ఎవరు? నిద్రపోతున్నవాళ్ళ ఇంట్లో దూరి, అడ్డం వచ్చిన కుక్కను చంపి, ఆ ఊరు ప్రమాదకరమైనదని చెప్పుకోవటం లాంటిది ఇది. మన్యం అడవుల్లోకి తెల్లదొరలు పోయినప్పుడు కూడా గిరిజనులు ‘కారణం లేకుండా’ బాణాలు వేశారనే కాగితాలలో రాసుకున్నారు. డ్రిఫ్టర్లకు ఈ స్లీపర్లతో సంబంధమున్నదని కథ తర్వాత సూచిస్తుంది. అప్పుడు సామ్రాజ్ఞి హత్యకు ప్రకటించిన కారణం లేదన్న మాట అలాగే నిలుస్తుంది గాని, అసలు కారణమే లేదన్న మాట నిలవదు.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉన్నది. ఈ ఆటలో నిజానికి గ్రహాంతరవాసులెవరూ లేరు. స్లీపర్లు, డ్రిఫ్టర్లు, ట్రిగ్లేవియన్లు అందరూ ఆ ఒక్క వలసలో వచ్చిన మానవుల సంతతే. వేల ఏళ్ళలో దేహాలు మారాయి, మాట మారింది, రక్తం మాత్రం ఒకటే. 1984లో ఇంగ్లండులో వచ్చిన ‘ఎలీట్’ ఆటలో థార్గాయిడ్లనే శత్రువులు పురుగుజాతి. పురుగును చంపటానికి ఎవరూ కారణం అడగరు. ‘ఈవ్’ ఆ సులభమార్గం తొక్కలేదు. పరాయివాడనుకున్నవాడు దాయాది. మన కారెంపూడి కథలాగే ఇదీ దాయాదుల కథ. తేడా ఏమిటంటే, మనవాళ్ళు దాయాదులని తెలిసే పొడుచుకున్నారు. ఇక్కడివాళ్ళు చుట్టరికం మరచిపోయి పొడుచుకుంటున్నారు. మర్మమని మనం మెచ్చుకుంటున్నది చాలావరకు ఈ మరపే.

రెండోది ట్రిగ్లేవియన్ల కథ. వీరు 2018 మే నెలలో తొలిసారి కనిపించారు, 2019 మేలో దండెత్తారు. వారి పేరు స్లావ్ జాతుల పాత దేవుడు, మూడు తలల ట్రిగ్లావ్ నుంచి వచ్చింది. వారి మూడు తెగలకు పెరూన్, స్వరోగ్, వేలెస్ అని స్లావ్ దేవతల పేర్లే ఉన్నాయి. పడమటి దేశాల కంపెనీ ఒకటి శత్రువుకు తూర్పుదేశాల దేవతల పేర్లు పెట్టటంలో పాతకాలపు ప్రచ్ఛన్న యుద్ధపు వాసన ఉన్నదా అంటే, ఉన్నదని ప్రమాణం చేయలేను. కాని వింతగా కనిపించాలంటే ఇంకొకరి మతాన్ని తెచ్చి ముసుగు వేయటమన్నది మన పురాణకర్తలకూ తెలిసిన ఉపాయమే. ఓడినవాడి దేవుడు గెలిచినవాడి కథలో రాక్షసుడవుతాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ రాసేదాకా మనకు శంబుకుడు ఒక నేరం పేరే గాని మనిషి కాడు.

డ్రిఫ్టర్లలా కాక, ట్రిగ్లేవియన్లు మాట్లాడారు. అర్థంకాని లిపిలో, మెలికలు తిరిగిన మాటల్లో మాట్లాడారు. అప్పుడు ఆటగాళ్ళు చేసిన పని నాకు ఎంతో ముచ్చట గొలిపింది. వేర్వేరు దేశాలవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు, కూర్చుని ఆ లిపి అక్షరాలు విప్పారు. వాక్యాల అర్థం తేల్చారు. ఎవరూ జీతం ఇవ్వలేదు. మన శాసన పరిశోధకులు రాళ్ళ మీద అరిగిన అక్షరాలు విప్పినట్టే ఇదీ. శత్రువు మాట అర్థమయ్యేసరికి కొందరికి మరొక సంగతి అర్థమైంది: ఎడెన్‌కామ్ వైపే నిలబడాలని శాసనమేమీ లేదు. వారు ట్రిగ్లేవియన్ల పక్షాన చేరారు. తమను కైబర్‌నాట్లని పిలుచుకున్నారు. దండయాత్ర ఎక్కడ నెగ్గాలి, ఎక్కడ ఓడాలి అన్నది ఆటగాళ్ళ చేతుల మీదుగా నిర్ణయమైంది. 2020 అక్టోబరులో 27 మండలాలు పాత లోకం నుంచి తెగిపోయి పోచ్వెన్ అనే కొత్త భూమిగా ఏర్పడ్డాయి. రచయిత రాసిన శత్రువు పక్షాన పాఠకుడు చేరి కథను మార్చటం నవలలో సాధ్యం కాదు. ఈ కళారూపానికి అది సాధ్యమైంది. ఆటల్ని చిన్నచూపు చూసేవారు దీనికి జవాబు చెప్పాలి.

అందరూ ఆదర్శం కోసమే చేరారని నేననను. కొత్త పక్షంలో కొత్త లాభముంటుంది, అల్లరి ఉంటుంది, పదిమందికీ ఎదురు నిలిచిన సరదా ఉంటుంది. ట్రిగ్లేవియన్లు విమోచకులూ కారు. బలహీనుణ్ణి పరీక్ష పేరుతో ఏరిపారేసే తత్త్వం వారిది. దాన్ని మెచ్చుకోవలసిన అవసరం అభ్యుదయవాదికి ఎంతమాత్రమూ లేదు. నేను చెప్పదలచింది వేరు. మాట విన్నంతలోనే శత్రువుకు ముఖం వచ్చింది. ముఖం వచ్చాక అతనితో పోరాడాలా, చేతులు కలపాలా అన్నది రాజకీయ ప్రశ్న అయింది. అంతకు ముందు అది భయం మాత్రమే.

ఈ సందర్భంలో మన వినుకొండ కవి జాషువ గుర్తుకు రావటం సహజం. 1895లో ఈ ఊళ్ళో పుట్టినవాడు. ఆయన 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు కాళిదాసు మేఘాన్ని, ఇతరుల హంసల్ని, చిలకల్ని కాదని గబ్బిలాన్ని దూతగా ఎందుకు ఎన్నుకున్నాడని చాలామంది చర్చించారు. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని మనవాళ్ళ నమ్మకం. తలక్రిందులుగా వేలాడేది, చీకట్లో తిరిగేది, పక్షీ కాదు జంతువూ కాదు అనిపించేది. మన జానపద విశ్వాసంలో ఉన్న ‘అజ్ఞాత శత్రువు’ అదే. ఆ కావ్యంలో అంటరానివాడు దాన్ని తరిమికొట్టడు. పలకరిస్తాడు. తన గోడు చెప్పుకుంటాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి దానికి ప్రవేశమున్నదని గమనిస్తాడు. ఊరంతా భయపడే ప్రాణితో ఊరంతా దూరం పెట్టిన మనిషి మాట కలిపాడు. ఇది కవిచమత్కారమని సరిపెట్టుకుంటే జాషువకు అన్యాయం చేసినట్లే. పరాయిదనం ఎట్లా తయారవుతుందో తన ఊళ్ళోనే, తన వీధిలోనే చూసినవాడు గనుక ఆయనకు ఆ దూత దొరికింది. పుట్టిన ఊళ్ళోనే మనిషిని గ్రహాంతరవాసిని చేయగల సంఘం మనది. అందుకు అంతరిక్షం అక్కర్లేదు.

జాషువను ఈ చర్చలోకి తీసుకురావటం అభిమానం కొద్దీ మాత్రమే కాదు. ఆయన చూపుతో చూస్తే ‘ఈవ్’లో ఇంకొక ముఖం లేని జాతి బయటపడుతుంది. ఆటను మెచ్చేవారూ తెగడేవారూ దాని సంగతి ఎత్తటం అరుదు.

ఆటగాడు ఆ కథ ప్రకారం సామాన్య మానవుడు కాడు. కాప్సూలీర్ అంటారు. ఒక గుడ్డులాంటి పేటికలో కూర్చుని తన మనస్సుతోనే నౌకను నడుపుతాడు. నౌక కూలితే, పేటిక పగిలితే, అతని చైతన్యం మరొక చోట సిద్ధంగా ఉంచిన దేహంలోకి చేరుతుంది. అతనికి చావు లేదు. కాని నౌకలో అతనొక్కడే ఉండడు. యంత్రాలు చూసేవారు, మందుగుండు నింపేవారు, మరమ్మతు చేసేవారు ఉంటారు. చిన్న నౌకలో కొద్దిమంది, పెద్ద నౌకల్లో వందలు, టైటన్లలో వేలు. వీరికి మారుదేహాలు లేవు. నౌక పేలినప్పుడు తప్పించుకోలేకపోయినవారు చచ్చిపోతారు. ఇది ఆట కథలోనే ఉన్నది, నా వ్యాఖ్యానం కాదు. కాని తెర మీద వారు కనపడరు. ఒక నౌక కూలగానే ఆట ఒక చీటీ ఇస్తుంది: ఏ నౌక, ఎవరిది, ఎవరు కూల్చారు, ఏయే పరికరాలు పోయాయి. ఆటగాళ్ళు నడిపే పట్టికలలో ఆ పోయిన సరుకు విలువ అణాపైసలతో సహా వేస్తారు. పనివాళ్ళ వరుస ఆ చీటీలో లేదు.

బి-ఆర్5ఆర్‌బిలో 75 టైటన్లు పోయాయని, మూడు లక్షల డాలర్ల నష్టమని పత్రికలు రాశాయి. ఈ వ్యాసంలో నేనూ ఆ అంకెలే వేశాను, ఎందుకంటే దొరికే అంకెలు అవే. ఆ కథనే నమ్మి లెక్కవేస్తే ఆ ఒక్కరోజు చచ్చిపోయిన నావికులు ఒక జిల్లా కేంద్రానికి సరిపడా జనాభా. బంగాళాఖాతంలో ఓడ మునిగితే సరుకు విలువ ముందు, కళాసుల సంఖ్య తర్వాత చెప్పే వార్తలు మనకు అలవాటే గనుక ఇది మనల్ని పెద్దగా కదిలించదు.

డ్రిఫ్టర్ ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఏం కావాలంటాడు అని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు. ఆ జిజ్ఞాస మెచ్చదగినదే. అదే జిజ్ఞాస తమ నౌక అడుగు అంతస్తులో పనిచేసేవాడి మీదికి పోలేదు. అతని ఊరు ఏది, అతను మిన్మాటారా, తన ఇష్టంతోనే ఎక్కాడా, నెలకు ఎంత ముడుతుంది? ఈ ప్రశ్నలకు ఆట నిర్మాతలు జవాబులు తయారు చేయలేదని వారిని నిందించి ప్రయోజనం లేదు, అడిగినవారు తక్కువ. ట్రిగ్లేవియన్ల లిపి విప్పిన ఓపికలో పదో వంతు చాలు.

ఈ ఆట గురించి మన కళాశాలల్లో ఎవరైనా విద్యార్థి పరిశోధన వ్యాసం రాయదలిస్తే, నా సూచన ఒక్కటే: డ్రిఫ్టర్ల మర్మం దగ్గర మొదలుపెట్టవద్దు. 2015 ఆగస్టు 21 దగ్గర మొదలుపెట్టండి. ఆ రోజు చచ్చిపోయిన సామ్రాజ్ఞి పేరు ఆటగాళ్ళకు తెలుసు. ఆమె స్థానంలోకి ఎవరు రావాలో నిర్ణయించటానికి మరుసటి సంవత్సరం పోటీలు కూడా జరిగాయి, గెలిచినవారు ప్రతినిధిగా నిలిచిన కాటిజ్ తాష్-ముర్కాన్‌కు కిరీటం దక్కింది. ఆ నౌకలో ఆమెతోపాటు ఉన్నవాళ్ళలో ఎందరు బానిసలో అడిగిన ఆటగాడు నాకింతవరకు తారసపడలేదు.